పసుపు కప్పకు పట్టిన పెట్రోలు

బంకు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక ఇక నన్నెవరూ ఏమీ అడగరనుకున్నాను. అడుగుతున్నారు. ధర్మవరం బస్సులో, మంగలి అంగట్లో, ఆఖరికి చావింటి ముందర వేసిన కుర్చీల్లో కూడా ఎవడో ఒక కుర్రాడు పక్కకు జరిగి మెల్లగా మొదలుపెడతాడు. "పెద్దాయనా, నా బండికి ఏ పెట్రోలు పట్టించమంటావు? మామూలుదాంట్లో ఏందో కలుపుతాండారంట గదా?"

కలుపుతున్నారు. దొంగచాటుగా కాదు, చెప్పే కలుపుతున్నారు. చెరుకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే ఒక రకం సారా అది. ఇథనాలు అంటారు. బంకులో బోర్డు మీద రాసే ఉంటుంది. ఆ బోర్డు కిందే నిలబడి, ఫోనులో ఎవడో గొంతు చించుకునే వీడియో చూసి భయపడతారు గానీ, తలెత్తి బోర్డు చదవరు. నా కోపమంతా అక్కడే.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. నా బడి బోర్డులే. చిన్నప్పుడు బస్సుల నెత్తిమీది ఊళ్ల పేర్లతో అక్షరాలు నేర్చుకున్నాను. బంకులో చేరాక అక్కడి బోర్డులు, డబ్బాల మీది రాతలు, కంపెనీవాళ్లు ఇచ్చిపోయే పుస్తకాలు కూడబలుక్కుని చదివాను. అట్లా చదువుకున్నవాడికి ఒక జబ్బు వస్తుంది. రాసినదాన్ని చదవకుండా దాటిపోయేవాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది. పెట్రోలు మీద అనుమానం వస్తే ఫిల్టర్ కాగితం మీద చుక్క వేసి చూపించమని అడిగే హక్కు మీకుందని మా బంకు గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో ఉండేది. నా ఉద్యోగమంతటిలో ఆ కాగితం అడిగినవాడు లేడు. తిట్టినవాళ్లు మాత్రం బోలెడు మంది.

ఏ పెట్రోలు పట్టించాలో చివర్లో చెబుతాను. ముందు ఒక కారు సంగతి వినండి.

మా బంకు బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే రోడ్డు మీద ఉండేది. చుట్టూ వేరుశనగ చేలు. పండిన ఏడు పచ్చగా, పండని ఏడు ఎర్రగా. నేను మేనేజరును. పేరుకే మేనేజరు. తాళాలు, లెక్కలు, తిట్లు నావి. లాభం మా ఓనరుది. ఆయన అనంతపురంలో ఉండి ఫోనులో బంకు నడిపేవాడు.

బోర్లు ఎండి, మగ్గాలు మూలపడి, మా ప్రాంతంలో చాలామంది రోడ్డు మీది పనులకు వచ్చారు. అట్లా వచ్చినామె ఒకామె మా దగ్గర పెట్రోలు పట్టేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి కోడలు. భర్త మగ్గానికి పని తగ్గింది, ఆయనకు నడుము కూడా పోయింది. ఇల్లు ఈమె జీతం మీదే నడిచేది. మాట మాత్రం ఎవరికీ తగ్గనిచ్చేది కాదు. చిల్లర కోసం గొణిగేవాణ్ణి చూసి, "ఏమన్నా, మీసాలకు నూనె రాసేటప్పుడు లేని లెక్క పెట్రోలుకాడ వచ్చిందే" అనేది. వాడు నవ్వుకుంటూ పోయేవాడు. పోగు తెగితే ఎక్కడ తెగిందో చీకట్లోనైనా వేలితో పట్టుకునే ఇంటి మనిషి. పెట్రోలు పోసే గన్ను పట్టుకున్నా అదే ఒడుపు, ఒక్క బొట్టు కింద పడేది కాదు.

కంపెనీవాళ్లు ఒక ఏడు మాకు చిన్న ట్యాంకు ఒకటి అదనంగా ఇచ్చారు. అందులో ఇథనాలు కలపని పెట్రోలు. నూరు ఆక్టేన్‌ది, అంటే ఇంజనులో వేళకు ముందే మండిపోనిది. మేం దాన్ని నూరు నంబరు అనేవాళ్లం. ధర వినగానే మోటారుసైకిళ్లవాళ్లు బండి నెట్టుకుంటూ మామూలు గన్ను వైపు పోయేవాళ్లు. వచ్చినప్పుడల్లా దాన్నే పట్టించిన బండి ఒక్కటే.

అది పసుపుపచ్చ కారు. ఇద్దరే పడతారు. నేలను రాసుకుంటూ పోయేది. దగ్గర్లో ఒక పెద్ద కుటుంబం ఉంది, భూములున్నవాళ్లు, రాజకీయాల్లో తిరిగేవాళ్లు. ఆ ఇంటి చిన్నకొడుకు దాన్ని బెంగుళూరులో సెకండ్ హాండు కొన్నాడు. ఆ కుర్రాడు పుట్టకముందే తయారైన కారు. దిగడానికి వంగి, ఒక కాలు బయట పెట్టి, గుమ్మం పట్టుకుని లేవాలి. మొదటిరోజు అతను దిగడం చూసి మా బంకులో పెట్రోలు పట్టే ఆమె, "ఏమన్నా, కారు కొన్యావా, కప్పను కొన్యావా?" అంది. ఆ పేరు నిలిచిపోయింది. వాళ్ల నాయన కూడా పదిమందిలో, "దుడ్లు తగలేసి కప్పను తెచ్చినాడు" అనేవాడట.

ఆ కారుకు నూరు నంబరు పట్టించమని చెప్పింది నేనే. మూత లోపలి రేకు మీద అంటించిన కాగితాన్ని కూడబలుక్కుని చదివి చెప్పాను. ఎక్కువ ఆక్టేన్ కావాలని అందులో ఉంది. పైగా పాతకాలపు కారు, అప్పటి రబ్బరు గొట్టాలు ఇథనాలుకు ఉబ్బి పగులుతాయి. దానికి తోడు నెలల తరబడి షెడ్డులో నిలబడే కారు. నిలవున్న చోట ఇథనాలు గాలిలోని తడిని తాగుతుంది. "నీ కారుకు కల్తీలేని పెట్రోలే మందు నాయనా. ధర చూడొద్దు" అన్నాను. కలిపింది ఆఖరికి సర్కారే అయినా నా నోటికి అది కల్తీగానే వచ్చేది. అతను అప్పటినుంచి నన్ను ఆ కారుకు డాక్టరు అన్నట్టు చూసేవాడు. నాకూ లోపల బాగానే ఉండేది.

ఇంకో అలవాటు చెప్పాలి, లేకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. మా సీమలో ట్యాంకు నిండిందని గన్ను తనకు తాను ఆగితే ఎవడూ నమ్మడు. బండిని అటూ ఇటూ ఊపుతారు. నురగ దిగిందాకా మూత తీసి పెట్టి, ఇంకొంచెం పట్టమంటారు. నీళ్లకైనా, పెట్రోలుకైనా, మూకుడులో నూనెకైనా అంచుదాకా నింపుకోకపోతే మాకు తృప్తి ఉండదు. అంత పెద్దింటి కుర్రాడు, అంత ఖరీదైన కారు, అతనూ అంతే. గన్ను ఆగాక కారు వెనకభాగం పట్టుకుని ఊపి, "అక్కా, నురగ దిగనీ, ఇంగ కొంచెం పడ్తాది" అనేవాడు. ఆ కారుకు పెట్రోలు పోసే మూత పక్కన ఉండదు. వెనక చక్రం పైన, రేకు మీద, నింగిని చూస్తూ ఉంటుంది.

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. మోడాలు వచ్చేవి, మా మీదుగా పోయేవి, ఎక్కడో కురిసేవి. చేలో చెట్టు పట్టి పీకితే మట్టి కూడా రానంత ఎండింది. ఊళ్లల్లో ఆడవాళ్లు కప్పతల్లిని ఎత్తారు. తెలియనివాళ్లకు చెబుతాను. రోకలికి గుడ్డలో కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు చెరో పక్క మోస్తూ పాట పాడుకుంటూ ఇంటింటికీ తిప్పుతారు. ఇంటి ఇల్లాలు బిందెతో నీళ్లు తెచ్చి కప్ప మీద పోయాలి, చాటలో గింజలు వేయాలి. తాగడానికి లేకపోయినా కప్పకు మాత్రం నీళ్లు పోయాల్సిందే. కప్పను పొడిగా పంపిన గడపకు మంచిది కాదంటారు.

ఆ రోజు మధ్యాహ్నం పసుపు కారు వచ్చింది. బెంగుళూరు దాటాక కార్లు పరుగెత్తించే మైదానం ఒకటుందట. అలాంటి కార్లవాళ్లంతా అక్కడ కలుస్తారట. నెలల తరబడి దానికోసం కాచుకున్నాడు. "పెద్దాయనా, నిండా పట్టించుకొని పోతాండా. రేపు మన కప్ప ఎగురుతాది చూడు" అన్నాడు. ఆమె పట్టింది. గన్ను ఆగింది. అతను కారు ఊపి, నురగ దిగిందాకా ఆగమన్నాడు. అంతలో రోడ్డు మీద పాట వినిపించింది. రోకలి వచ్చింది.

ముందర నడిచే ముసలామె బంకులోకే నేరుగా వచ్చింది. "ఈ ఇంటి ఆడమనిషి యాడుండాది? కప్పమ్మకు నీళ్లు పొయ్యండే" అని కేక వేసింది. మా బంకులో ఆడమనిషి ఒక్కతే. ఆమె గన్ను తగిలించి, రేడియేటర్లకని పెట్టుకున్న బిందె ఎత్తుకుని పోయి, చెప్పులు విడిచి, కప్ప మీద పోసింది. నేను గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అక్కడినుంచి నాకు కారు ముందుభాగమే కనబడుతుంది.

ముసలామె అప్పుడు ఆ కుర్రాణ్ణి గుర్తుపట్టింది. "ఏమప్పా, నువ్వు పెద్దాయన కొడుకువి కదా? మీ ఇంటికాడికీ పోయినాం. గేటే తీయల్యా. కప్పమ్మను పొడిగా పంపినారప్పా మీరు!"

వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఇంకొకామె, "ఆళ్లింట్లో కప్ప ఉండాదంట లేవే, మన కప్ప ఎందుకు?" అంది.

కుర్రాడి మొహం ఎర్రబడింది. తరవాత తనే నవ్వేసి మా బంకు ఆమె వైపు తిరిగాడు. "అక్కా, బిందెలో ఇంగా ఉండాయి కదా, మా కప్పకూ పొయ్యి. మా ఇంటి లెక్క ఈడ తీరనీ."

ఆమె నవ్వుతూ బిందె ఎత్తి కారు నెత్తిన పోసింది. నీళ్లు పసుపు రేకు మీద జారుతుంటే ఆడవాళ్లు పాట అందుకున్నారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ ఎండలో నీళ్లు పారడం చూస్తేనే కళ్లు చల్లబడ్డాయి. రోకలి బత్తలపల్లె దారి పట్టింది. ఆమె వచ్చి ఇంకొంచెం పెట్రోలు పట్టి మూత వేసింది. కారు ధర్మవరం వైపు పోయింది.

సాయంత్రానికి తిరిగొచ్చింది. ట్రాక్టరు వెనక, తాడుతో కట్టించుకుని.

ధర్మవరం మొదట్లో, చీరల అంగళ్ల ముందర, నలుగురూ చూస్తుండగా దగ్గి దగ్గి ఆగిపోయిందట. ఫొటోలు తీసుకున్నవాళ్లు తీసుకున్నారట. కారు స్టీరింగు ఎవరికో అప్పగించి, కుర్రాడు ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని వచ్చాడు, బూట్ల నిండా దుమ్ము. వెనకనే వాళ్ల నాయన కారు, ఆయనతో ఊరి జనం కొందరు.

ఊరంతా పెద్దాయన అనే ఆ నాయన దిగీ దిగగానే అన్నాడు. "ఏమప్పా మేనేజరూ, నీళ్లు అమ్ముకునేదానికి బంకెందుకు? బోరేసుకోగూడదా?"

"అయ్యా, కూర్చోండి. చూద్దాం" అన్నాను.

"చూసేదేముండాది? పొద్దున బాగుండిన బండి. నీకాడ పట్టించినాక ఆగిపోయింది. మామూలుది కాదు, ఎక్కువ దుడ్లు పోసి నూరు నంబరు పట్టించినాడంట. దాంట్లో గూడా నీళ్లేనా?"

ట్రాక్టరు అతను మధ్యలో దూరాడు. "మా ట్రాక్టరుకు ఏది పోసినా తాగుతాదయ్యా. గొప్ప బండ్లకే ఈ రోగాలు."

మా బంకు పక్క షెడ్డులోని మెకానిక్కు కారు కింద దూరి ట్యాంకులోంచి అడుగు పెట్రోలు గాజు సీసాలోకి పట్టాడు. సీసా వెలుగుకు ఎత్తాడు. పైన పెట్రోలు, కింద వేలెడు మందాన నీళ్లు, మధ్యలో గీత గీసినట్టుంది. జనం మీదికి వంగి చూశారు. "నీళ్లే!" అన్నారు.

అప్పుడే ఓనరు ఫోను. ఎవరో అప్పుడే చేరవేశారు. "గన్ను పట్టిన ఆయమ్మిని మాన్పించినానని చెప్పు. వాళ్ల కోపం చల్లారతాది."

"సార్, ఇంకా ఏమీ తేల్లేదు."

"తేలేదేముంది? పెద్దోళ్లతో మనకు పెట్టుకునేది వద్దు. చెప్పింది చెయ్యి."

నేను ఫోను జేబులో వేసుకున్నాను. కోపం వస్తే నాకు గొంతు పెరగదు, తగ్గుతుంది. పెద్దాయనతో చిన్నగా అన్నాను. "అయ్యా, గోడ మీద ఒక బోర్డుంది. అడిగితే పరీక్ష చేసి చూపించాలని. ఎవరూ అడగరు. మీరు అడక్కపోయినా నేను చేస్తాను. మీ మనుషుల్నే చూడనీండి."

నూరు నంబరు గన్నులోంచి ఫిల్టర్ కాగితం మీద చుక్క వేశాను. ఆరిపోయింది, మచ్చ లేదు. జాడీలో పట్టి డెన్సిటీ చూపించాను. కొలకర్రకు నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు పూసి బంకు ట్యాంకులో అడుగుదాకా దించాను. పైకి తీస్తే రంగు మారలేదు. అక్కడున్నవాళ్లే కొలకర్ర చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. నాకు గర్వమేసింది. ఇన్నేళ్లకు బోర్డు పనికొచ్చింది అనుకున్నాను.

పెద్దాయన రాజకీయం చేసినవాడు. తొందరపడలేదు. సీసా వైపు చూశాడు, ట్యాంకు వైపు చూశాడు.

"సరే మేనేజరూ. ట్యాంకులో నీళ్లు లేవు. కారులో ఉండాయి. ఈ రెండింటి నడమ ఎవురుండారు?"

అందరూ ఆమె వైపు తిరిగారు.

నా పరీక్షలు బంకును గెలిపించి ఆమెను ముంచాయి. ఇంత తెలివీ చదివి సంపాదించింది ఇందుకా అనిపించింది. నాకు మాత్రం ఇంకా తట్టలేదు. కారు మీద నీళ్లు పోయడం చూశాను గానీ, మూత తెరిచే ఉందని నేను చూడలేదు. ఆమెకు తట్టింది. మొహంలో రంగు మారడం చూశాను. వెనక చక్రం మీది మూత వైపు ఒకసారి చూసి ముందుకు వచ్చింది.

"గన్నులోంచి రాలేదయ్యా ఆ నీళ్లు. బిందెలోంచి వచ్చినాయి. నేనే పోసినా."

జనం బిందె కోసం చుట్టూ చూశారు.

"నురగ దిగాలని మూత తీసిపెట్టి ఉన్న్యాం. కప్పమ్మ వచ్చింది. కప్పమ్మకు పోసినాక కారు మీదా పోసినా. మూత సంగతి మరిచిపోయినా. మళ్లా పెట్రోలు పట్టేటప్పుడు గూడా తట్టల్యా."

"కారు మీద ఎందుకు పోసినావు?"

"వాన కోసరం."

ఎవరో నవ్వి ఆపుకున్నారు. పెద్దాయన నవ్వలేదు. "కారు మీద పోస్తే వానొస్తాదా?"

"కప్ప మీద పోస్తే వస్తాదా అని మనం అడగం కదయ్యా."

పొయ్యమన్నది ఎవరో ఆమె చెప్పలేదు. నేను నోరు తెరిచాను. "అయ్యా, అది ఆమె అంతట ఆమె..."

"నువ్వుండన్నా" అంది ఆమె, నా వైపు తిరక్కుండానే.

ఉండిపోయాను. ఎందుకు ఆపిందో అప్పుడర్థం కాలేదు. పెద్దాయన కండువా సర్దుకున్నాడు. "మీ ఓనరుతో నేను మాట్లాడినాలే. రేపట్నించి ఈమె ఈడ కనపడగూడదు."

ఆమె ఏడవలేదు. చేతికున్న గుడ్డను మడిచి పెట్టె మీద పెట్టింది, మగ్గం దిగేటప్పుడు పెట్టినట్టు. ఆమె ఇంట్లో నడుము వాల్చిన మనిషి, ఆగిన మగ్గం నా కళ్ల ముందు తిరిగాయి. కుర్రాడు ఇంకా ట్రాక్టరు మడ్‌గార్డు మీదే కూర్చుని బూటు మీది దుమ్మును వేలితో గీరుతున్నాడు. నేను అతన్నే చూస్తున్నాను. ఆమె మాత్రం అతని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అదే అతనికి బరువైందనుకుంటాను.

"నాయనా" అన్నాడు. "పొయ్యమన్నది నేనే."

"ఏందీ?"

"ఆ అక్క అంతట ఆయక్క పొయ్యల్యా. నేనే పొయ్యమన్నా."

"నీకేం పుట్టిందిరా?"

కుర్రాడు లేచి నిలబడ్డాడు. "మన గేటుకాడ కప్పమ్మను పొడిగా ఎనక్కి పంపినారంట. ఈడ అందరి ముందర అడిగినారు. సిగ్గయింది నాకు. మన ఇంటి నీళ్లు ఈడన్నా పోయనీలే అని పొయ్యమన్నా."

పెద్దాయన తన వెంట వచ్చిన ఊరివాళ్ల వైపు చూశాడు. వాళ్లు నేల వైపు చూశారు. తెలిసిన సంగతే అన్నమాట.

"ఎవురు పంపినారు ఎనక్కి?"

"మీరే కదా నాయనా. లోపల మీటింగు జరుగుతాండాది, ఎవుర్నీ రానీయొద్దు, గేటు మూయండి అన్నారంట."

ఎంత పెద్ద ఇల్లు కట్టినా, ఎన్ని ఎన్నికలు చూసినా, ఆయన పుట్టింది మెట్ట సేద్యం చేసే ఇంట్లోనే. ఆయన చేలూ ఆ ఏడు ఎండినవే. కాసేపు సీసాలో అడుగున నిలిచిన నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. తరవాత మెకానిక్కుతో, "ట్యాంకు కడిగి పెట్టప్పా" అన్నాడు. మా బంకు ఆమె దగ్గర ఆగి, "రోకలి ఏ దావన పోయింది?" అని అడిగాడు.

"బత్తలపల్లె దావన పోయినారయ్యా."

ఆయన కారెక్కి పోయాడు. ఆమె ఉద్యోగం గురించి మళ్లీ మాట రాలేదు.

ఓనరు ఫోను వచ్చింది. "మాన్పించినావా?"

"లేదు సార్."

"మరి పెద్దాయన?"

"గేటు తెరిపించేదానికి పోయినాడు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేను వివరించలేదు.

మరుసటి రోజు ఆ ఇంటి గేట్లు రెండూ బార్లా తెరిచి, ఇత్తడి బిందెల్లో నీళ్లు నింపి పెట్టి, కప్పతల్లిని పిలవనంపారని విన్నాను. ఆ ముసలామె రానందట. ఒకసారి పొడిగా పంపిన గడపకు ఆ ఏడు మళ్లీ రోకలి ఎక్కదట. పెద్దోళ్లయినా అంతేనట. వాన వచ్చిందా అని అడుగుతారు మీరు. రాలేదు.

నన్నెందుకు ఆపావని తరవాత ఆమెను అడిగాను. గన్ను తుడుస్తూనే చెప్పింది. "నువ్వు చెప్తే అది సాక్ష్యం అయితాదన్నా. ఆయప్ప చెప్తే మాట అయితాది. సాక్ష్యానికి ఎదురు సాక్ష్యం తెస్తారు. కన్నకొడుకు మాటకు ఏం తెస్తారు?"

"అతను చెప్పకపోయుంటే?"

"మగ్గం ఉండాది కదా" అంది. మగ్గానికి పని లేదని ఇద్దరికీ తెలుసు.

నాకు మాత్రం ఒక సంగతి మింగుడు పడలేదు. ఆ మూతలోంచి పోయింది మహా అయితే గ్లాసెడు నీళ్లు. అంత మాత్రానికే కారు ఎందుకు ఆగింది? పాత పుస్తకాలు తిరగేసి, రెండు సీసాలు తెచ్చుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో మామూలు పెట్రోలు, ఒకదాంట్లో నూరు నంబరు. రెండిట్లోనూ కొన్ని చుక్కలు నీళ్లు వేసి బాగా ఊపాను. మామూలుదాంట్లో నీళ్లు కనబడకుండా పోయాయి. ఇథనాలుకు నీళ్లతో చుట్టరికం ఉంది. కొంచెమైతే కలుపుకుని మంటలోకి తీసుకుపోతుంది. మోతాదు దాటితే అదీ చేతులెత్తేస్తుందనుకోండి. నూరు నంబరులో మాత్రం ఎంత ఊపినా చుక్కలు చుక్కలుగానే దిగి అడుగున కూర్చున్నాయి. కారుకు పెట్రోలు అందించే గొట్టం ఉండేది అడుగునే. ముందు నీళ్లే తాగింది, ఆగింది. కల్తీలేనిదని నేను గొప్పగా పట్టించమన్నది గ్లాసెడు నీళ్లను ఓర్చుకోలేకపోయింది. నేను కల్తీది అని మూతి విరిచినదానితోనైతే కారు బెంగుళూరు దాకా పోయేదేమో.

సీసాలు ఆమెకు చూపించాను. వెలుగుకు ఎత్తి చాలాసేపు చూసింది. "మంచిదానికే ఓర్పు తక్కువన్నమాట" అంది. ఎవరిని అందో నేను అడగలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మీ బండి ఈ మధ్య కొన్నదైతే, ఇథనాలుకు తగ్గట్టే తయారై ఉంటుంది. మూత దగ్గరో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసే ఉంటుంది, చదవండి. దయచేసి చదవండి. ఊరికే పరువు కోసం నూరు నంబరు పట్టించి మీ నాయన కష్టం కాల్చవద్దు. అట్లా కాకుండా, పాత స్పోర్ట్స్ కారు ఉంది, ఎక్కువ ఆక్టేన్ అడుగుతుంది, నెలల తరబడి షెడ్డులో నిలబడుతుంది అంటే ఇథనాలు లేనిదే పట్టించండి. ఇంత జరిగినా నేను అదే చెబుతాను. అంచుదాకా మాత్రం నింపవద్దు. గన్ను ఆగితే ఆగనివ్వండి. ఏ పెట్రోలు అని అడిగే ముందు మూత పడిందా అని చూసుకోండి. వీడియోలో ఈ మాట ఎవడూ చెప్పడు.

మరుసటి ఏడూ వాన ఆలస్యమైంది. నేను ఉద్యోగం మానేసే రోజులు. రోకలి మళ్లీ బంకులోకి వచ్చింది, ముందర అదే ముసలామె. పెద్దింట్లోనే మొదలుపెట్టి వస్తున్నామని, ఈసారి పెద్దాయనే వాకిట్లో నిలబడి బిందె అందించాడని అరిచి మరీ చెప్పింది. పసుపు కారు గన్ను దగ్గరే ఉంది. బిందె ఎత్తుకొస్తున్న మా బంకు ఆమెకు కుర్రాడు అడ్డం పోయి, వెనక చక్రం మీది మూతను వేసి, తిప్పి బిగించి, ఇంకోసారి తిప్పి చూశాడు.

"ఇప్పుడు పొయ్యక్కా."

ఆమె బిందె నడుముకు ఆనించుకుని అతన్నీ కారునూ ఎగాదిగా చూసింది. నమ్మలేదు. తనే పోయి అరచేత్తో మూతను నొక్కి చూసుకుంది. తరవాత చెప్పులు విడిచి, ముందు చిన్న కప్ప మీద, ఆ తరవాత పెద్ద కప్ప మీద పోసింది. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నీళ్లు ఆ మూత చుట్టూ గుండ్రంగా నిలిచి, ఎండకు ఒక్కసారి మెరిసి, నేల మీదికి జారిపోయాయి.